మొదటి తాడు

మొదలైంది ఆషాఢ పౌర్ణమి నాడు, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకి. ఎనిమిదో తరగతి పిల్లల్ని ఇరవై ఆరుగురిని స్కూలు వెనకున్న తుపాను షెల్టరు దగ్గరికి తీసుకెళ్లి, అక్కడినుంచి సముద్రం ఎంత దూరంలో ఉందో కొలిపించాను. పోటు అప్పుడే నిండి వెనక్కి తగ్గుతోంది. ఇసక మీద తడి గీత, దాని వెంట నాచు, తెగిన వల ముక్కలు, షాంపూ ప్యాకెట్లు వరసగా ఉన్నాయి. ఆ గీత వరకూ కొలవాలి. మళ్లీ ఏడాదికి, అదే పౌర్ణమికి, అదే వేళకి కొలవాలి. అప్పుడు సముద్రం కదిలిందో లేదో ఎవరి పుస్తకమూ చూడకుండా మనకే తెలుస్తుందని పిల్లలకి చెప్పాను.

నేను లెక్కల టీచర్ని. రిటైరయి పదమూడేళ్లయింది. అరసవల్లిలో ఉంటాను. ఆ సముద్రపు ఒడ్డు ఊరి హైస్కూల్లో సైన్సు టీచరు బదిలీ మీద వెళ్లిపోయింది, ఆ స్థానంలోకి ఎవరూ రాలేదు. హెడ్మాస్టరు ఒకప్పుడు నాతో కలిసి పనిచేసినవాడు. వారానికి రెండు రోజులు వచ్చి పాఠం చెప్పి వెళ్లమని అడిగాడు. ఖాళీగా కూర్చోవడం కంటే నయమనుకుని ఒప్పుకున్నాను. అరసవల్లి నుంచి ఆర్టీసీ కాంప్లెక్సుకి ఆటో, అక్కడినుంచి బస్సు, బస్సు దిగాక మళ్లీ ఆటో. వెళ్లడానికి గంటన్నర, రావడానికి రెండు గంటలు. చెప్పే పాఠం నలభై అయిదు నిమిషాలు. ఈ లెక్కలో ఏదో తప్పుందని మొదటి నెలలోనే అనిపించింది కానీ మాట ఇచ్చేశాను.

పుస్తకంలో సముద్రాల గురించి, వేడెక్కుతున్న భూమి గురించి ఒక పాఠం ఉంది. దాన్ని నేను చెప్పక ముందే పిల్లలకి మొత్తం వచ్చు. పర్యావరణ దినానికి బొమ్మల పోటీ పెడితే ఇరవై ఆరుగురిలో పందొమ్మిది మంది ఒకే బొమ్మ వేశారు. గుండ్రటి భూమి, నోట్లో థర్మామీటరు, కంట్లో నీరు. సముద్రం వాళ్ల కిటికీలోంచి కనిపిస్తుంది. దాన్ని ఒక్కరూ వెయ్యలేదు. ఫోన్లో చూసి వేశారు.

నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయని చూపించడానికి ఒక రోజు గాజు సీసా పట్టుకెళ్లాను. నీలిమందు కలిపిన నీళ్లు నిండా పోసి, మూతకి చిల్లు పెట్టి, రీఫిల్లు తీసేసిన పెన్ను గొట్టం అందులో దూర్చి, చుట్టూ మైనం అంటించి ఎండలో పెట్టాను. అరగంటకి గొట్టంలో నీళ్లు రెండు వేళ్ల ఎత్తు లేచాయి. సముద్రం కూడా ఇంతే, వేడికి ఉబ్బుతుంది, పైగా ఎక్కడో మంచు కరిగి వచ్చి కలుస్తుంది అన్నాను.

వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "టీచర్, సీసాకి మూతున్నాది కాబట్టి నీల్లు పైకెల్లేయి. సముద్రానికి మూతెవులేసేరు?"

"ఒరే, మూత లేదు కాబట్టే మీ బాబు రోజూ ఎల్లి వల ఏస్తన్నాడు," అన్నాడు వాడి పక్కవాడు. తరగతంతా నవ్వింది.

"మూత లేదు," అన్నాను. "అందుకే పక్కలకి వస్తుంది."

అప్పుడు కిటికీ పక్కనుంచి ఒక పిల్ల అడిగింది. "మాకు ఏసీ లేదు, కారు లేదు. మరి మా మీదికెందుకొస్తాది టీచర్?"

ఆ ప్రశ్న ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. నేను ప్రతి ఏడూ ఏదో చెప్పి బోర్డు తుడుస్తాను. ఆ రోజు కూడా అదే చేశాను. కానీ ఆ పిల్ల నేను బోర్డు తుడవడం పూర్తయ్యేదాకా నిలబడే ఉంది. "అయితే ఎంత దూరం వచ్చిందో సెప్పండి," అంది. నాకు తెలీదు. తెలీదనే చెప్పాను. తాడు ఆలోచన అలా వచ్చింది.

ఈ పిల్ల గురించే నేను రాస్తున్నది. చెయ్యెత్తకుండా జవాబు చెప్పేస్తుంది. తప్పయితే నేను అనకముందే తనే నాలిక కరుచుకుంటుంది. కూడికలు వేళ్ల మీద చెయ్యదు. నలభై ఏళ్లలో అలాంటి పిల్లలు నా చేతికి అయిదుగురో ఆరుగురో దొరికి ఉంటారు.

తాడు నేనే కొన్నాను. పచ్చ నైలాను తాడు. దర్జీ టేపుతో రెండుసార్లు కొలిచి, సరిగ్గా పది మీటర్లకి కోయించి, రెండు చివర్లా ఎర్ర గుడ్డ కట్టాను. షెల్టరు కింది మెట్టు దగ్గర తాడు మొదలు పట్టుకుని నేను నిలబడ్డాను. ఆ పిల్ల, ఇంకో కుర్రాడు తాడు పట్టుకుని ముందుకి వెళ్లారు. తాడు చివర పుల్ల గుచ్చడం, పుల్ల దగ్గరినుంచి మళ్లీ తాడు వెయ్యడం, ఇలా గీత దాకా. లెక్క ఆ పిల్లది. గాలి హోరులో నాకు మధ్య అంకెలు వినబడలేదు. చివర్లో చెయ్యి ఊపి అరిచింది. "ఎనిమిది తాల్లు! పైన రెండు మీటర్లు!" నేను ఊరుకోలేదు. మళ్లీ కొలిపించాను. రెండోసారీ అదే వచ్చింది. ఎనభై రెండు మీటర్లని రాసుకుని తేదీ, వేళ వేశాను. రెండుసార్లు కొలిచి రెండుసార్లూ ఒకటే వస్తే అది సరైన లెక్క అని నా ఉద్యోగమంతా పిల్లలకి చెప్పాను.

ఏడాది గడిచింది. వాళ్లు తొమ్మిదిలోకి వచ్చారు.

ఆ వేసవిలో ఆ పిల్ల తండ్రి గుజరాత్ నుంచి వచ్చాడు. ఆ ఊళ్లో సగం మంది మగవాళ్లు ఆగస్టులో వీరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేసి మే నెలకి తిరిగొస్తారు. ఈసారి అతనికి ప్రభుత్వం ఇల్లు మంజూరయింది. ఎక్కడ కట్టుకోవాలన్నది అతని ఇష్టం. ఒడ్డు మీద తాతల నాటి సొంత జాగా ఉంది, షెల్టరుకీ సముద్రానికీ మధ్యలో. లేదంటే హైవే దాటాక కొత్త లేఅవుట్లో స్థలం ఇస్తారు. లేఅవుట్ అయితే పడవకి దూరం, స్కూలుకి దూరం, బస్సు లేదు. అక్కడికి వెళ్తే పిల్లని హాస్టల్లో వేసేస్తానని తండ్రి ఇంట్లో చెప్పాడు. ఈ సంగతి పిల్లే నాకు చెప్పింది. చెప్తూ కిటికీలోంచి బయటికి చూసింది.

జూన్ చివర్లో అతను స్కూలుకి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి చెప్పులు విప్పాడు.

"టీచరమ్మా, మీరు సముద్రాన్ని కొలుస్తన్నారంటగా. మా గుంట ఒకటే గొడవ."

"సముద్రాన్ని కాదు నాయనా, ఒడ్డుని."

"అదేలెండి. మా నాయన సెప్పీవోడు, ఇది ఎల్తాది, వస్తాది, దీంతో మనకి గొడవేటని. నాను ఏడాదికి తొమ్మిది నెల్లు ఊళ్లోనే ఉండను. నాకేటి తెలుస్తాది? ఈ పౌర్నానికి మీ లెక్క ఏటొస్తాదో సూసి పునాది తీస్తాను."

ఒక్క ఏడాది కొలతతో ఏమీ చెప్పలేమని, కనీసం పదేళ్లయినా కొలవాలని చెప్పాను.

"పదేల్లు ఆగితే గవర్నమెంటు ఇంటి బిల్లు ఆగుతాదేటి?" అని నవ్వాడు. "మీరు కొలవండి టీచరమ్మా. మీరు పిల్లల కాయితం మీద సున్నా కూడా వదలరంట కదా. నాకదే సాలు."

రెండో ఆషాఢ పౌర్ణమి ఆదివారం వచ్చింది. ఆదివారం అరసవల్లిలో గుడికొచ్చిన జనంతో ఆటోలు దొరకవు. ఏడింటికి ఇంట్లోంచి బయల్దేరితే షెల్టరు దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ ఇరవై. సెలవు రోజు కాబట్టి పిల్లలు పదకొండు మందే వచ్చారు. ఆ పిల్ల రాలేదు. మేనత్తకి పురుడొస్తే తల్లితో బొబ్బిలి వెళ్లింది. అందుకని ఈసారి తాడు వెంట నేనే నడిచాను, లెక్క నేనే చెప్పాను.

చీపురుపల్లిలో మా నాన్నగారికి ధాన్యం, బెల్లం వ్యాపారం ఉండేది. కుంచంతో కొలిచేటప్పుడు ఆయన ఒకటి అనేవారు కాదు. లాభం అనేవారు. లాభం, రెండు, మూడు, నాలుగు. మా ఇంట్లో అందరం అలాగే కొలిచేవాళ్లం. ఇప్పటికీ బియ్యం పొయ్యి మీద పెట్టేటప్పుడు గ్లాసుతో కొలిస్తే నా నోటికి మొదట లాభమే వస్తుంది. అరవై ఏళ్ల అలవాటు. ఆ రోజు కూడా మొదటి తాడు వేస్తే లాభం అన్నాను. ఒక కుర్రాడు, "లాభమేటి టీచర్, అమ్ముతారా?" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. నేను రెండో తాడుకి రెండు అన్నాను. గీత దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది తాళ్లు, పైన మీటరున్నర.

మర్నాడు నా క్లాసు లేదు కానీ వెళ్లాను. ఆ పిల్ల బొబ్బిలి నుంచి పొద్దున్నే దిగి తిన్నగా స్కూలుకి వచ్చింది.

"ఎంత టీచర్?"

"ఎనిమిది తాళ్ల మీటరున్నర."

ఒక్క క్షణం కూడా పట్టలేదు. "అరమీటరే!"

"అర మీటరంటే ఒక అల తేడా. ఈ ఏడాది కదల్లేదని మాత్రం చెప్పగలం. గెంతకు," అన్నాను. అయినా గెంతింది. మధ్యాహ్నం భోజనం ప్లేటు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది.

ఆషాఢం వెళ్లాక శ్రావణంలో తండ్రి పునాది తీశాడు. ఇంటి పని చూసుకోవాలి కాబట్టి ఆ ఏడాది వీరావల్ వెళ్లలేదు. అతని జట్టులో తక్కినవాళ్లందరూ వెళ్లిపోయారు. బస్సు దిగి స్కూలుకి వెళ్లే దారిలో ఆ పని నాకు కనబడేది. బండరాయి, సిమెంటు, నీళ్ల డ్రమ్ము, రాళ్ల మీద తడి గోనెసంచులు. కార్తీకం వచ్చేసరికి పునాది నడుమెత్తు లేచింది. ఆ పిల్ల సాయంత్రాలు దాని మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటుందని తోటి పిల్లలు చెప్పారు. గోడ ఇంకా లేవలేదు కానీ చదువుకునే గది ఎటువైపో తనకి తెలుసట.

కార్తీక మాసంలోనే అది బయటపడింది. కొత్త ఎనిమిదో తరగతి వాళ్లకి కొలవడం నేర్పాలి. నాకు మోకాళ్ల నొప్పి. తాడు వెంట అటూ ఇటూ నడవలేక ఆ పిల్లని పిలిచి నేర్పమన్నాను. నేను షెల్టరు ముందు నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. కొలవడం స్కూలు ఆవరణలోనే, షెల్టరు మెట్టు దగ్గరినుంచి వెనక గేటు దాకా. గాలి లేదు. ప్రతి మాటా వినబడుతోంది.

ఆ పిల్ల మొదటి తాడు పరిచింది. పుల్ల గుచ్చింది. "గంగమ్మది," అంది. తాడు లాగి రెండోసారి పరిచింది. "ఒకటి," అంది.

"ఆగు," అన్నాను.

ఆగింది.

"మొదటి తాడు ఏమైంది?"

"గంగమ్మది కదండి."

"లెక్కలో వేశావా లేదా?"

అందరూ నావైపు వింతగా చూశారు. ఆ పిల్ల వెంట వచ్చిన, సీసాకి మూత గురించి అడిగిన కుర్రాడు జాలిపడి నాకు వివరించాడు. "వల లాగేక మొదటి గుప్పెడు సేపలు గంగమ్మవి టీచర్. పక్కనెట్టీడమే. లెక్కెట్టకూడదు. తర్వాతదే ఒకటి. జీడిపిక్కలు పంచుకున్నా అంతే. మీ ఊళ్లో అలాగ కాదేటి?"

మా ఊళ్లో అలాగ కాదు. మా నాన్నగారి లాభం కుంచంలో ఉంటుంది, లెక్కలో ఉంటుంది. వీళ్ల గంగమ్మ వాటా బుట్టలోంచే బయటికి పోతుంది. ఎవరింట్లో లెక్క వాళ్లకి సరిపోతుంది. నేను కుర్చీలోంచి లేవలేదు. 

"మొదటి ఏడాది కూడా ఇలాగే కొలిచావా?"

ఆ పిల్ల గుచ్చిన పుల్ల వైపు చూసింది. చేతిలోని తాడు వదిలేసింది. మొహం చూస్తే తెలిసింది, లెక్క నాకంటే ముందే అయిపోయింది. అప్పుడు ఎనిమిది కాదు, తొమ్మిది. తొంభై రెండు మీటర్లు. ఏడాదికి ఎనభై ఒకటిన్నర. పోయింది అరమీటరు కాదు, పదిన్నర మీటర్లు. సముద్రం ఒక తాడు పైనే తినేసింది. మేము రెండు రకాల లెక్కతో దాన్ని దాచేశాం.

చిన్నపిల్లల్ని లోపలికి పంపేశాను. ఆ పిల్లని మళ్లీ షెల్టరు నుంచి గీత దాకా కొలవమన్నాను. ఇప్పుడు ప్రతి తాడూ వెయ్యమన్నాను. వేసింది. అప్పటికే ఎనిమిదికి తక్కువ ఉంది. ఆ తర్వాత చెప్పకుండానే తాడు ఎత్తుకుని వాళ్ల పునాది దగ్గరికి వెళ్లింది. సముద్రం వైపు మూల నుంచి గీత వరకూ కొలిచింది. నాలుగు తాళ్లు.

"నేను చెప్తాను మీ నాన్నకి," అన్నాను. "నువ్వు క్లాసుకి వెళ్లు."

వెళ్లలేదు. నా వెంటే వచ్చింది. ఆ రోజు తండ్రి పునాది దగ్గరే ఉన్నాడు. మేస్త్రీ ఇసక, సిమెంటు పొడిగా కలిపి మధ్యలో గుంట చేసి పెట్టుకున్నాడు, నీళ్లు పొయ్యడమే తరువాయి. తల్లి బిందెతో గోనెసంచులు తడుపుతోంది. నన్ను చూసి తండ్రి ఒంటిమీది దుమ్ము దులుపుకున్నాడు. కూర్చోవడానికి ఒక రాయి చూపించాడు. ఎలా మొదలుపెట్టాలా అనుకుంటూ నేను దాని మీద కూర్చున్నాను.

"నాన్నా, తొమ్మిది," అంది పిల్ల.

"ఏటే?"

"అప్పుడు తొమ్మిది తాల్లు. ఎనిమిది కాదు. నాను గంగమ్మది లెక్కెట్టలేదు. టీచరు లెక్కెట్టేరు."

"గంగమ్మది ఎవులైనా లెక్కెడతారేటే గుంటా?" అన్నాడు. అని ఆగిపోయాడు. చేతి వేళ్ల మీద ఏదో చూసుకున్నాడు. నావైపు తిరిగాడు. "అయితే తాడు పోనాదా?"

"ఒక తాడు, అర మీటరు," అన్నాను.

"ఏడాదిలో?"

"ఏడాదిలో."

"వచ్చీ ఏడు ఎంత పోతాది?"

"నాకు తెలీదు నాయనా. తక్కువ పోవచ్చు, ఎక్కువ పోవచ్చు. ఒక ఏడు పోకపోవచ్చు కూడా."

"ఇక్కడినుంచి ఎన్నున్నాయి?"

"నాలుగు," అంది పిల్ల. "కొలిసేను. గంగమ్మదితో కలిపి."

తల్లి బిందె కింద పెట్టింది. "ఓలమ్మ, మీ లెక్కలు మండిపోను," అంది. ఎవరినన్నదో నాకు తెలీలేదు. మా అందరినీ అని ఉంటుంది. "పెద్దోలు ఊరికే సెప్పేరా, ఎల్తాది వస్తాది అని? ఇంత రాయి ఏసేక ఇప్పుడా సెప్పడం?"

మేస్త్రీ అడిగాడు. "నీల్లు పొయ్యమంటావా బావా, వద్దా? ఏటో ఒకటి సెప్పు."

తండ్రి సముద్రం వైపు చూశాడు. తర్వాత పిల్ల వైపు చూశాడు. "ఒసే, లేఅవుట్టుకెల్తే హాస్టలే. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే సెప్పేవా?"

పిల్ల తలూపింది. నలభై ఏళ్లు లెక్కలు చెప్పాను. జవాబు తనకి గిట్టనిదని తెలిసి కూడా దాన్ని మార్చకుండా చదివిన పిల్లని ఎంతమందిని చూశానో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఎవరూ గుర్తు రాలేదు.

"ఉంచు," అన్నాడు తండ్రి మేస్త్రీతో. "పొయ్యకు."

అంతే. ఆ పొడి సిమెంటు మర్నాటి మంచుకి గడ్డకట్టింది.

ఆ తర్వాతివి ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. స్థలం మార్పుకి కాగితాలు పెట్టుకుంటే మాఘమాసంలో లేఅవుట్లో జాగా ఇచ్చారు. అక్కడ మళ్లీ మొదటినుంచి పునాది. పాత పునాది రాళ్లలో కొన్ని పెకలించి తీసుకెళ్లారు, చాలావరకు సిమెంటులో పట్టుబడి రాలేదు. ఊళ్లో జనం ఊరుకోలేదు. ఆటోలో నా పక్కన కూర్చున్న చేపలమ్మే ఆవిడ ఒకసారి అనేసింది. "నాలుగు తాల్లున్నాయి కదమ్మా, నాలుగేల్లు బతికీవోడు. మీ లెక్కకి బెదిరి ఎల్లిపోనాడు. సముద్రం వచ్చిందేటి మరి?"

సముద్రం రాలేదు. ఆ శీతాకాలం పెద్ద తుపాను కూడా ఏదీ రాలేదు. పునాది అలాగే ఉంది. దాని మీద వలలు ఆరేస్తున్నారు, పిల్లలు దాని చుట్టూ దొంగాట ఆడుతున్నారు. వచ్చి ఉంటే నా మాట నిజమయ్యేది కదా అని నాకు ఒక్కసారి అనిపించింది. ఆ ఆలోచనకి నాకే సిగ్గేసింది. సముద్రం అంత త్వరగా రాదు. ఏడాదికి ఇంత అని, ఎవరూ చూడనట్టుగా వస్తుంది. పిల్లలకి చెప్పడానికి కష్టమైన సంగతి అదే. భూమి నోట్లో థర్మామీటరు బొమ్మ వెయ్యడం సులువు. ఒక తాడు పోయిందని ఇంటికెళ్లి చెప్పడం సులువు కాదు, చెప్పినవాళ్లకి బహుమతీ లేదు.

వేసవి సెలవులకి ముందు ఆ పిల్ల టీసీ తీసుకోవడానికి తండ్రితో వచ్చింది. బొబ్బిలి వైపు హాస్టల్లో సీటు వచ్చింది. మేనత్త ఇల్లు దగ్గరే కాబట్టి ఆదివారాలు చూసుకుంటుందని తండ్రి అన్నాడు. ఆఫీసు గదిలో అతను సంతకం పెడుతుంటే పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"అక్కడ సముద్రం లేదు టీచర్."

"లేదు. వీణలుంటాయి. వినొచ్చు."

"మీరు జోకులెయ్యకండి," అంది. ఆ తర్వాత అడిగింది. "ఈసారి ఎవులు లెక్కెడతారు?"

ఎనిమిదో తరగతి వాళ్లు పెడతారన్నాను. వాళ్ల దగ్గరికి తనే వెళ్లింది. నేను గుమ్మంలోంచి విన్నాను. గంగమ్మది అనడం మానెయ్యమని చెప్తుందనుకున్నాను. అలా చెప్పలేదు. "గంగమ్మది అనండి. తర్వాత రెండు అనండి. ఒకటి అనకండి," అని చెప్పింది. వాళ్లచేత మూడుసార్లు వల్లె వేయించింది. గంగమ్మది, రెండు, మూడు. గంగమ్మది, రెండు, మూడు. మా నాన్నగారి కొట్లో వినబడే పాటే అది, మొదటి మాట ఒక్కటే వేరు. తండ్రి బయట స్కూటరు హారను కొట్టాడు. పిల్ల వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపిందా లేదా అన్నది నాకు గుర్తు లేదు. ఊపలేదనుకుంటాను. బ్యాగు బరువుగా ఉంది.

హెడ్మాస్టరు ఈ ఏడాది కూడా రమ్మన్నాడు. సైన్సు టీచరు ఇంకా రాలేదు. మోకాళ్లు సహకరించడం లేదని చెప్పాను, అయినా వెళ్తున్నాను. సీసా, పెన్ను గొట్టం, నీలిమందు పట్టుకెళ్తున్నాను. ఈ ఏడాది కూడా ఒకడు మూత ఎవరు వేశారని అడిగాడు. వాడికి అదివరకు అడిగినవాడి సంగతి తెలీదు. ఏసీ ప్రశ్న కూడా ఎవరో అడిగారు. నేను బోర్డు తుడిచాను.

మూడో కొలత ఆషాఢ పౌర్ణమి నాడే, గురువారం, ఉదయం తొమ్మిది గంటల నలభై అయిదు నిమిషాలకి. అయిదు నిమిషాలు ఆలస్యం, ఆటో వల్ల. లెక్క ఆ పిల్ల నేర్పి వెళ్లిన వాళ్లది, ఇప్పుడు వాళ్లు తొమ్మిదో తరగతి. నేను తాడు వెంట నడిచి ప్రతి అంకె విన్నాను. గంగమ్మదితో కలిపి ఏడు తాళ్ల నాలుగు మీటర్లు.

రెండేళ్లలో పోయినవి ఇవి. ఒడ్డు, పద్దెనిమిది మీటర్లు. ఒడ్డు వెంట ఉన్న సరుగుడు చెట్లు, ఇరవై మూడు. స్కూలు బోరింగు, ఒకటి, నీళ్లు ఉప్పనయ్యాయి. ఒక మనిషి వీరావల్ పని, తొమ్మిది నెలలు. పునాది, ఒకటి. పదో తరగతి హాజరుపట్టీలో పేరు, ఒకటి.